బకెట్ మీద కూర్చునే కోచ్: బెంగళూరు సర్జాపుర రోడ్డు సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ తరగతులపై సమీక్ష

సర్జాపుర రోడ్డుకు దగ్గరగా ఒక కళాశాల మైదానంలో శని, ఆదివారాల ఉదయం జరిగే సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ శిక్షణ తరగతులకు మా అమ్మాయి ఏడాదికి పైగా వెళ్తోంది. ఇక్కడి తెలుగు కుటుంబాలవారు ఈ తరగతుల గురించి తరచూ అడుగుతున్నారు కనుక కాస్త వివరంగానే రాస్తున్నాను. మీ పిల్ల క్యాచర్‌గానో (బ్యాటర్ వెనుక కూర్చుని బంతి పట్టేవారు) పిచర్‌గానో (బంతి వేసేవారు) ఆడాలనుకుంటే, ఈ నగరంలో మేము వెళ్లి చూసిన వాటిలో ఇంతకంటే మంచి చోటు లేదు. బ్యాటింగ్ కోసమే పంపాలనుకుంటే మాత్రం ఫీజు కట్టే ముందు మరోసారి ఆలోచించుకోండి. ఈ మెప్పుకూ ఈ హెచ్చరికకూ కారణం ఒకటే: ఇక్కడ నేర్పే కోచ్ గారు ఆడినన్నాళ్లూ క్యాచర్‌గానే ఆడారు, నేర్పేటప్పుడు కూడా ఆటను హోమ్ ప్లేట్ (బ్యాటర్ పక్కన నిలబడి ఆడే పలక) వెనుక నుంచే చూస్తారు.

కోచ్ గారిది అనంతపురం జిల్లా. పాఠశాలల క్రీడాపోటీల్లో సాఫ్ట్‌బాల్ కూడా ఉండటం వల్ల చిన్నప్పుడే ఆ ఆటలోకి వచ్చి, తర్వాత విశ్వవిద్యాలయం తరఫున, రాష్ట్రం తరఫున బేస్‌బాల్ ఆడారు. మన దేశంలో బేస్‌బాల్ ఆడి జీతం సంపాదించే దారి దాదాపు లేదు కాబట్టి, ఆట ఆగిపోయాక కొన్నేళ్లు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, బెంగళూరు వచ్చాక ఈ తరగతులు మొదలుపెట్టారు. ఆయన కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు కొంచెం వంకరగా ఉంటాయి. బ్యాటు అంచును తాకి దిశ మారిన బంతులు మిట్‌లో (క్యాచర్ తొడుక్కునే మందపాటి గ్లవ్‌లో) పడకుండా వేళ్లకు తగిలినందువల్ల వచ్చిన వంకర అది. మోకాళ్లు కూడా ఇప్పుడు సహకరించవు. అందుకని పిల్లల వెనుక గొంతుక్కూర్చోకుండా, బోర్లించిన ఒక నీలిరంగు ప్లాస్టిక్ బకెట్ మీద కూర్చుని చూస్తారు. తరగతి మొత్తం దాదాపు ఆ బకెట్ మీద నుంచే నడుస్తుంది.

క్రికెట్ మాత్రమే తెలిసిన తల్లిదండ్రులకు ఈ స్థానం ప్రత్యేకత కొంచెం చెప్పవలసి ఉంది. ఫీల్డింగ్ చేసే తొమ్మిది మందిలో ఎనిమిది మంది బ్యాటర్ వైపు ముఖం పెట్టి నిలబడతారు. క్యాచర్ ఒక్కరే ప్లేట్ వెనుక కూర్చుని మైదానమంతటినీ ఎదురుగా చూస్తారు. ఫీల్డర్లు ఎక్కడెక్కడ నిలబడ్డారు, బేస్ (పరుగు కోసం వరసగా తాకవలసిన చోట్లలో ఒకటి) మీదున్న రన్నర్ బరువు ఏ కాలి మీద ఉంది, పిచర్ భుజం అలిసిందా, అంపైర్ ఈ రోజు మోకాలి ఎత్తు బంతికి స్ట్రైక్ (బ్యాటర్ లెక్కలో పడే తప్పు, మూడైతే అవుట్) ఇస్తున్నాడా లేదా అన్నవన్నీ ఒకేసారి కంటపడేది అక్కడి నుంచే. తర్వాత వేయవలసిన బంతి ఏదో సైగ చేసేది కూడా సాధారణంగా క్యాచరే. వికెట్‌కీపర్‌కూ మైదానం చాలావరకు కనిపిస్తుంది కానీ, ఏ బంతి వేయాలో బౌలర్‌కు ప్రతిసారీ చెప్పే బాధ్యత అతనికి ఉండదు. క్యాచర్‌కు అదే అసలు పని. అమెరికాలోని అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 2022 నుంచి వేళ్ల సైగలకు బదులుగా, మీట నొక్కితే పిచర్ టోపీలోని స్పీకర్లో మాట వినిపించే పిచ్‌కామ్ పరికరాన్ని వాడుకోనిస్తున్నారు. 2023లో పిచ్ గడియారం కూడా వచ్చి, బేస్‌ల మీద ఎవరూ లేనప్పుడు బంతికీ బంతికీ మధ్య 15 సెకన్లే మిగిలాయి. సైగ చేసే పద్ధతి మారినా, నిర్ణయం చాలావరకు ఆ ముసుగు వెనుకే జరుగుతోంది.

అమెరికాలో క్యాచర్లు ఆట మానేశాక శిక్షకులుగా మారడం ఎందుకంత మామూలు విషయమో ఈ తరగతులు చూశాకే నాకు బాగా అర్థమైంది. అక్కడ జట్టు ప్రధాన శిక్షకుణ్ణి మేనేజర్ అంటారు. ఆ పదవిలో పేరు తెచ్చుకున్న వాళ్ల జాబితా తీస్తే క్యాచర్లు వరసగా కనిపిస్తారు. న్యూయార్క్ యాంకీస్ జట్టు తరఫున మూడుసార్లు అత్యంత విలువైన ఆటగాడి పురస్కారం పొందిన యోగి బెర్రా, ఆట ముగిశాక 1964లో యాంకీస్‌నూ 1973లో మెట్స్‌నూ లీగ్ విజేతలుగా నిలిపాడు. డాడ్జర్స్ క్యాచర్ మైక్ సియోషా 2000 నుంచి 2018 దాకా ఏంజెల్స్‌ను నడిపి 2002లో ఆ ఏటి అంతిమ విజేతను తేల్చే వరల్డ్ సిరీస్ గెలిపించాడు. వీళ్లు ఆటగాళ్లుగానూ పెద్దవాళ్లే. నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది మాత్రం బ్రూస్ బోచీ. అతను 1978 నుంచి 1987 వరకు మేజర్ లీగ్‌లో తొమ్మిది సీజన్లు గడిపి 358 మ్యాచ్‌లు మాత్రమే ఆడాడు. సీజన్‌కు 162 మ్యాచ్‌లుండే ఆటలో దీని అర్థం, అతని కాలంలో ఎక్కువ భాగం రిజర్వు క్యాచర్‌గా బెంచీ మీదే గడిచిందని. బ్యాటింగ్ సగటు .239, అంటే వెయ్యి ప్రయత్నాలకు 239 హిట్లు (బంతిని కొట్టి బేస్ చేరడం). అలాంటివాడు మేనేజర్‌గా శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కు 2010, 2012, 2014లలో, టెక్సస్ రేంజర్స్‌కు 2023లో వరల్డ్ సిరీస్ తెచ్చిపెట్టాడు.

ఈ తరం ఉదాహరణలు కావాలంటే స్టీఫెన్ వోట్ ఉన్నాడు. అతని మేజర్ లీగ్ జీవితం హిట్ లేకుండా వరసగా 32 ప్రయత్నాలతో మొదలైంది. 2022 అక్టోబరులో చివరిసారి బ్యాటు పట్టినప్పుడు సిక్సర్‌లాంటి హోమ్ రన్ కొట్టి ఆట ముగించాడు. 2023లో సియాటిల్ మెరినర్స్‌కు బుల్‌పెన్ (మ్యాచ్ మధ్యలో పిచర్లు సిద్ధమయ్యే చోటు) శిక్షకుడిగా ఒక్క ఏడాది పనిచేశాడో లేదో, 2024 సీజన్‌కు క్లీవ్‌లాండ్ మేనేజర్ అయ్యాడు. 2024లోనూ 2025లోనూ అమెరికన్ లీగ్ ఉత్తమ మేనేజర్ పురస్కారం అతనికే దక్కింది. అంతకుముందు 2020, 2021లలో వరసగా అదే పురస్కారం అందుకున్న కెవిన్ క్యాష్ కూడా క్యాచరే. అతని బ్యాటింగ్ సగటు .183, మేజర్ లీగ్ ప్రమాణాల్లో చాలా తక్కువ.

రిజర్వు క్యాచర్ రోజు ఎలా గడుస్తుందో తెలిస్తే ఇందులో వింత ఉండదు. ఆడని రోజున అతను బుల్‌పెన్‌లో పిచర్ల బంతులు పడుతుంటాడు, లేదా బెంచీ మీద కూర్చుని మ్యాచ్‌ను మొదటి నుంచి చివరి దాకా గమనిస్తుంటాడు. ఏ పిచర్‌ను గదమాయించాలో, ఎవరి దగ్గరికి వెళ్లి ఊరికే ఒక నవ్వు నవ్వి రావాలో అతనికి తెలిసి ఉండాలి. బ్యాటుతో తన స్థానాన్ని నిలబెట్టుకోలేనివాడు జట్టులో కొనసాగాలంటే ఈ పనులతోనే అవసరమైనవాడు కావాలి. మేనేజర్ పనిలో సగం అప్పటికే చేస్తున్నాడన్నమాట.

ఇక తరగతుల సంగతి. కొత్తగా చేరిన క్యాచర్లకు మొదటి నెలంతా దాదాపు ఒకే అభ్యాసం ఉంటుంది. ముసుగు, ఛాతీ కవచం, కాళ్ల కవచాలు వేసుకుని పిల్ల మోకాళ్ల మీదికి దిగుతుంది. మిట్ రెండు తొడల మధ్య సందును మూస్తూ నేలకు ఆనాలి, రెండో చెయ్యి మిట్ వెనుక దాగాలి, గడ్డం ఛాతీకి ఆనించి భుజాలు ముందుకు వంచాలి. కోచ్ గారు బకెట్‌ను కొంచెం దూరంలో ఎదురుగా వేసుకుని, బంతి ఆ పిల్ల ముందు మట్టిలో పడి లేచేలా విసురుతారు. బంతిని చేత్తో పట్టాలన్న ఆశ ఎవరికైనా సహజంగానే కలుగుతుంది. ఆ ఆశను చంపడానికే ఈ నెలంతా. "పట్టుకోవాలని చూడొద్దమ్మా, ఒంటితో ఆపు. బంతి తడిగుడ్డలాగా నీ ముందే పడితే చాలు, రన్నర్ కదలదు," అని ప్రతి బంతికీ చెబుతారు. ఛాతీ బిగించి ఎదురొడ్డితే బంతి ఎగిరి దూరంగా పోతుంది. ఊపిరి వదులుతూ ఛాతీని లోపలికి వంచితే ప్లేట్ పక్కనే చతికిలబడుతుంది. చూసేవాళ్లకు ఈ తేడా మొదట్లో తెలియదు. కొన్ని వారాలు గట్టు మీద కూర్చుని చూశాక, కళ్లు మూసుకుని శబ్దం విన్నా బంతి ఎటు పోయిందో నేను చెప్పగలుగుతున్నాను.

ఇంత శ్రద్ధ దేనికని ఒక తండ్రి అడిగినప్పుడు ఆయన ఇచ్చిన సమాధానం నాకు నచ్చింది. బేస్‌బాల్‌లోనూ సాఫ్ట్‌బాల్‌లోనూ మూడో స్ట్రైక్ బంతిని క్యాచర్ సరిగా అందుకోలేకపోతే, మొదటి బేస్ ఖాళీగా ఉన్నా, అప్పటికే ఇద్దరు అవుటై ఉన్నా, బ్యాటర్ మొదటి బేస్‌కు పరుగెత్తవచ్చు. పిచర్ కష్టపడి సంపాదించిన అవుట్ క్యాచర్ చేతుల్లోంచి జారిపోతుందన్నమాట. దానికంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. కింద పడే బంతిని క్యాచర్ ఆపలేదని తెలిస్తే పిచర్ ఆ బంతి వేయడమే మానేస్తుంది. ఆమె దగ్గరున్న మంచి ఆయుధం అలా మూలపడుతుంది. మా అమ్మాయితో జోడీగా ఆడే పిచర్, ప్లేట్ దగ్గర హఠాత్తుగా కిందికి దిగే డ్రాప్ బంతిని ధైర్యంగా వేయడం మొదలుపెట్టింది మా అమ్మాయి ఆపడం నేర్చుకున్నాకే. ఆ పిల్ల తల్లి ఇది తమ కోచింగ్ ఫలితమనుకుంటారు, నేను కాదనను.

రెండో బేస్‌కు విసరడం నేర్పే పద్ధతి కూడా చెప్పుకోదగ్గదే. సాఫ్ట్‌బాల్‌లో బేస్‌ల మధ్య దూరం 60 అడుగులు కాబట్టి ప్లేట్ నుంచి రెండో బేస్‌కు దాదాపు 26 మీటర్లు. బేస్‌ల మధ్య 90 అడుగులుండే బేస్‌బాల్‌లో అది దాదాపు 38.8 మీటర్లు. మేజర్ లీగ్ క్యాచర్లు బంతి తమ మిట్‌ను తాకినప్పటి నుంచి రెండో బేస్‌లోని ఫీల్డర్ చేతికి చేరేదాకా సుమారు రెండు సెకన్లు తీసుకుంటారు. ఇలాంటి అంకెలు వినగానే పిల్లలు భుజబలం మీద పడతారు. కోచ్ గారు ఆ ఊసే ఎత్తరు. ఫోన్‌లో నెమ్మదిగా నడిచే వీడియో తీసి, బంతి మిట్‌లో పడిన క్షణం నుంచి చేతిలోకి మారిన క్షణం దాకా ఎంతసేపైందో పిల్లలకే చూపిస్తారు. మా అమ్మాయి మిట్‌ను తన కుడి భుజం దగ్గరికి తెచ్చుకోవడానికి బదులు చేతిని మిట్ కోసం ముందుకు చాచేది. ఆ ఒక్క అలవాటు తీసేసరికి విసురు తొందరగా వెళ్లడం మొదలైంది, భుజం మాత్రం ఎప్పటిదే. "బలం వయసుతో వస్తుంది తల్లీ, చేతి మార్పు మాత్రం ఇప్పుడే రావాలి," అని ఆయన అన్న మాటను మా ఇంట్లో ఇప్పుడు ఇతర విషయాలకు కూడా వాడుతున్నారు.

అయితే ఈ తరగతులకు నేను ఫీజు కట్టేది ప్రధానంగా నోటు పుస్తకం కోసమే. అభ్యాస మ్యాచ్‌లో ఇన్నింగ్స్ ముగిసిన ప్రతిసారీ క్యాచర్ బకెట్ దగ్గరికి వెళ్లి, ఎదుర్కొన్న బ్యాటర్లలో ఒక్కొక్కరికి ఏ బంతి వేయించిందో, ఎందుకు వేయించిందో చెప్పి రాసుకోవాలి. "బంతి బాగా పడింది సర్" అన్న జవాబు అక్కడ చెల్లదు. ఏ బంతి, అంతకుముందు ఏది వేయించావు, ఆ పిల్ల కాళ్లు ఎక్కడున్నాయి అని తిరిగి ప్రశ్నలు వస్తాయి. ఒకసారి మా అమ్మాయి ఒకే బ్యాటర్‌కు వరసగా డ్రాప్ బంతులే అడిగింది. మొదటి రెండింటికీ బ్యాటు తగల్లేదు, మూడోది మాత్రం ఎడమవైపు ఫీల్డర్ల మధ్య నుంచి గట్టు దాకా వెళ్లింది. కోచ్ గారు కోప్పడలేదు. ఆ పిల్ల ఎక్కడ నిలబడి కొట్టిందో చూశావా అని మాత్రం అడిగారు. రెండు బంతులు తప్పాక ఆ బ్యాటర్ తను నిలబడే బాక్సులో ఒక అడుగు ముందుకు జరిగి, బంతి కిందికి దిగకముందే అందుకుంది. క్యాచర్‌కు కళ్ల ముందే జరిగిన ఈ కదలిక మా అమ్మాయి పుస్తకంలోకి ఎర్ర సిరాతో ఎక్కింది. ఇప్పుడు ప్రతి బంతికీ ముందు తన చూపు మొదట బ్యాటర్ కాళ్ల మీదికే పోతుంది. పదమూడేళ్ల పిల్ల ఎదుటివారి ఆలోచనను ఇలా గమనించి, కారణంతో సహా చెప్పగలగడం చూస్తే, క్యాచర్లు శిక్షకులు కావడానికి వీలైన అలవాట్లు ఏ వయసులో ఎలా ఏర్పడతాయో కళ్లకు కట్టింది.

పిచర్లకు ఈ తరగతులు ఇంకా లాభమని నా అభిప్రాయం. కోచ్ గారికి పిచర్ చేతి మెళకువల కంటే ఆమె ముఖం మీదే ధ్యాస ఎక్కువ. రెండు బంతులు వరసగా గతి తప్పితే క్యాచర్‌ను పంపి కాసేపు మాట్లాడమంటారు. ఏం మాట్లాడాలో చెప్పరు. ఒక పిల్ల వెళ్లి నిన్నటి హోమ్‌వర్క్ గురించి అడిగిందని తెలిసి ఆయన మెచ్చుకున్నారు కూడా.

స్ట్రైక్ జోన్ (బంతి దాటితే స్ట్రైక్ అయ్యే, ప్లేట్ మీది ఊహా చట్రం) అంచున పడిన బంతిని, అంపైర్ కంటికి స్ట్రైక్‌గా ఆనేలా, మిట్ కదలిక తెలియకుండా అందుకునే నేర్పుకు అమెరికాలో చాలా విలువ ఉంది. కోచ్ గారు దీన్ని నేర్పుతారు కానీ అతిగా నేర్పరు. బంతి పడ్డాక మిట్‌ను జోన్‌లోకి లాగితే అంపైర్‌ను మోసం చేస్తున్నట్టు తెలిసిపోతుందని, వచ్చే స్ట్రైక్ కూడా పోతుందని ఆయన వాదన. దీన్ని నేను పూర్తిగా సమర్థిస్తాను. ఎందుకంటే 2026 సీజన్ నుంచి మేజర్ లీగ్‌లో అంపైర్ ఇచ్చిన బాల్ (జోన్ బయట పడిన బంతి), స్ట్రైక్ నిర్ణయాన్ని కెమెరాల వ్యవస్థతో పరీక్షించమని కోరే పద్ధతికి ఆమోదం లభించింది. ఒక్కో జట్టుకు మొదట రెండు అవకాశాలు ఉంటాయి, కోరిక నెగ్గితే అవకాశం తగ్గదు. కోరే హక్కు బ్యాటర్‌కు, పిచర్‌కు, క్యాచర్‌కు మాత్రమే ఉంది. బెంచీ మీది వాళ్లు సలహా ఇవ్వకూడదు. ఈ ముగ్గురిలో బంతిని సరైన కోణంలో చూసేది క్యాచరే కనుక, ఇకమీదట మిట్ నేర్పుకు తోడు జోన్ ఎక్కడ ముగుస్తుందో కచ్చితంగా తెలిసిన కన్ను కూడా కావాలి. బంతి పడగానే అది జోన్‌లో ఉందో లేదో క్యాచర్ చేత గట్టిగా చెప్పించి, తర్వాత వీడియో చూపించే అభ్యాసం ఇక్కడ ఈ మధ్యే మొదలైంది. ఏ తరగతిలోనూ పిల్లలు ఇంత గట్టిగా వాదించుకోవడం నేను చూడలేదు.

భద్రత విషయంలో కోచ్ గారు మొహమాటపడరు. పిచర్ చేత వార్మప్ చేయిస్తున్నా సరే, ముసుగు లేకుండా ప్లేట్ వెనుక ఎవరినీ కూర్చోనివ్వరు. బంతి చేతిలో లేకుండా హోమ్ ప్లేట్ దారికి అడ్డంగా నిలబడితే ఆ రోజుకు ఆ పిల్ల ఆట ముగిసినట్టే. 2011 మే నెలలో జెయింట్స్ క్యాచర్ బస్టర్ పోజీ కాలు ప్లేట్ దగ్గర జరిగిన ఢీకొట్టుడులో విరగడం, 2014లో అలాంటి ఢీకొట్టుళ్లను అడ్డుకునే నిబంధన రావడం ఆయన ప్రతి కొత్త బృందానికీ చెప్పే కథ. మామూలుగా ఆయన కథలు చెప్పే మనిషి కాదు.

ఇప్పుడు లోపాలు. బ్యాటింగ్ శిక్షణ బలహీనంగా ఉందన్నాను. ఒక వల, బంతిని నిలిపి కొట్టడానికి వాడే రెండు టీ స్టాండ్లు తప్ప ప్రత్యేకమైన ఏర్పాటేమీ లేదు. ఏర్పాట్ల కంటే పెద్ద లోటు వేరే ఉంది. ఒక బ్యాటర్ ఏ బంతిని కొట్టలేదో కోచ్ గారు రెండు మూడు బంతుల్లోనే పట్టేస్తారు. ఆ బలహీనతను ఎలా పోగొట్టాలని అడిగితే మాత్రం "బంతిని చూడమ్మా" అన్న దగ్గరే ఆగిపోతారు. బ్యాటర్‌ను అవుట్ చేయించడమే జీవితమంతా చేసిన మనిషికి ఇది ఆశ్చర్యం కాదు. బోచీ, క్యాష్, వోట్‌ల అంకెలు చూసినా ఇది అర్థమవుతుంది కానీ, వాళ్ల జట్లలో బ్యాటింగ్ నేర్పడానికి వేరే శిక్షకులు ఉంటారు. ఇక్కడ ఆ పని కూడా ఒక్కరి మీదే పడింది. వారానికి ఒక గంటైనా బ్యాటింగ్ తెలిసిన మరొకరిని పెట్టమని మేం కొందరు తల్లిదండ్రులం అడిగాం. చూద్దామన్నారు.

ఎడమచేతి పిల్లల విషయంలో నాకు ఆయనతో పేచీ ఉంది. ఎడమచేత్తో విసిరే పిల్లలను క్యాచర్‌గా ఆయన అసలు ప్రయత్నించనివ్వరు, నేరుగా మొదటి బేస్‌కు పంపుతారు. పెద్ద స్థాయిలో ఇది ఆనవాయితీయే. 1989లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ తరఫున బెన్నీ డిస్టెఫానో అనే ఎడమచేతి ఆటగాడు మూడు మ్యాచ్‌లకు క్యాచర్‌గా కూర్చోవడాన్ని ఇప్పటికీ విశేషంగా చెప్పుకుంటారు. కానీ పదేళ్ల పిల్లల వారాంతపు తరగతికి ఆ నియమం ఎందుకో నాకు బోధపడలేదు. ప్లేట్ వెనుక కూర్చుంటే ఆట అర్థమవుతుందన్నది ఆయన సొంత సిద్ధాంతమే కదా, ఎడమచేతి పిల్లలకు అది ఎందుకు అందకూడదు?

సామగ్రి పరిస్థితి అంతంత మాత్రం. క్యాచర్ కవచాలు రెండు జతలే ఉన్నాయి, చిన్న పిల్లలకు కాళ్ల కవచాలు తొడల దాకా వస్తాయి. ముసుగుల లోపలి మెత్తలు ఉతకడం లేదన్నది ముక్కుకే తెలుస్తుంది. ఆడపిల్లలకు మరుగుదొడ్డి కళాశాల భవనంలో ఉంది; దాని తాళం కాపలాదారు దగ్గర ఉంటుంది, ఆదివారాల్లో అతను వచ్చేసరికి తరగతి సగం అయిపోతుంది. సగం మంది ఆడపిల్లలున్న శిక్షణలో ఇది చిన్న విషయం కాదు, యాజమాన్యం వెంటనే పట్టించుకోవాలి. వానకు తరగతి రద్దయిన సంగతి వాట్సాప్‌లో వచ్చేసరికి మనం ఔటర్ రింగ్ రోడ్డు మీద ఇరుక్కుని ఉంటాం. రద్దయిన తరగతులకు బదులు తరగతులు ఇస్తామంటారు కానీ, సెప్టెంబరు, అక్టోబరు వానల్లో పోయినవన్నీ తిరిగి రాలేదు.

ఫీజు నెలకు 4,000 రూపాయలు. ఇదే నగరంలో క్రికెట్ అకాడమీలు తీసుకునేదానితో పోల్చుకుని ఎక్కువా తక్కువా అన్నది ఎవరికి వారు తేల్చుకోవాలి. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్, క్రికెట్ మూడూ ఉన్నాయి కనుక ఆ లెక్కన పిల్లలను ఇక్కడ చేర్పించేవారూ కనిపిస్తున్నారు. వాళ్లకు కోచ్ గారు ముఖం మీదే తొందరపడొద్దని చెబుతారు. క్రికెట్ కీపింగ్ నేర్చుకుంటున్న పిల్లలు కూడా ఒకరిద్దరు వస్తున్నారు, నాకు అది తెలివైన పనిగానే తోస్తోంది. మన బెంగళూరు జట్టుకు 2025లో మొదటి ఐపీఎల్ కప్పు వచ్చినప్పుడు ప్రధాన శిక్షకుడిగా ఉన్న ఆండీ ఫ్లవర్, 2022లో ఇంగ్లండ్ టెస్ట్ జట్టు శిక్షకుడిగా వచ్చిన బ్రెండన్ మెక్‌కల్లమ్, ఇద్దరూ వికెట్‌కీపర్లే. స్టంపుల వెనుక కూర్చున్నవాళ్లకూ ప్లేట్ వెనుక కూర్చున్నవాళ్లకూ చూపులో చుట్టరికం ఉన్నట్టే ఉంది.

మిట్ విషయం చెప్పి ముగిస్తాను. శిక్షణలో ఇచ్చే మిట్లు చాలామంది చేతులు మారి వదులైపోయాయి కనుక, పిల్ల ఈ స్థానంలో ఉంటానని తేల్చుకున్నాక సొంతది కొనడం మంచిది. నగరంలోని దుకాణాల్లో ఫీల్డర్ల గ్లవ్‌లు దొరికినంత తేలిగ్గా క్యాచర్ మిట్లు దొరకవు. జలంధర్, మీరట్‌లలో తయారైనవి తెప్పించుకోవచ్చు, విదేశీ కంపెనీలవి ఖరీదు ఎక్కువ. సాఫ్ట్‌బాల్ బంతి చుట్టుకొలత 12 అంగుళాలు, బేస్‌బాల్ బంతిది 9 అంగుళాల పైచిలుకు కాబట్టి దేనికోసం కొంటున్నారో అడిగి మరీ తీసుకోండి. కొత్త తోలు గట్టిగా ఉంటుంది. మిట్ మధ్యలో బంతి పెట్టి రాత్రంతా తాడుతో కట్టి ఉంచాలి, పగలు ఎవరో ఒకరు దాంట్లోకి బంతి విసురుతూ ఉండాలి. చేరే ముందు ఒక శనివారం ఉచితంగా ఆడి చూడనిస్తారు. మోకాళ్ల మీద దిగవలసి ఉంటుంది కనుక పిల్లలకు నిండు ప్యాంటు వేయించి, నీళ్ల సీసా ఇచ్చి, ఏడింటి కల్లా మైదానం చేరేలా బయల్దేరండి. గేటు దగ్గర వాహనాలు నిలిపే చోటు ఏడున్నరకే నిండిపోతుంది.